ఎండకు ముందే మేల్కొనే నగరం

2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ ఒక్క నెలలోనే మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత పరిశోధకులు లెక్కగట్టారు. ఎండ గుండెనూ, మూత్రపిండాలనూ కుంగదీస్తుంది కాబట్టి, ఇలాంటి చావులు తరచూ వేరే జబ్బుల పద్దులో పడిపోతాయి.

ఆ దెబ్బతో నగరపాలక సంస్థ 2013లో వడగాలుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. దక్షిణాసియాలో ఇలాంటిది అదే మొదటిది. వాతావరణ హెచ్చరిక రాగానే అన్ని విభాగాలనూ సమన్వయపరిచే నోడల్ అధికారి నుంచి ఆసుపత్రులకూ, అంబులెన్సులకూ, వార్డు సిబ్బందికీ కబురు వెళుతుంది. మధ్యాహ్నాలు పార్కులు తెరిచి ఉంచుతారు, మంచినీళ్లు అందుబాటులో పెడతారు. ఒక ఆసుపత్రిలోనైతే పై అంతస్తులో ఉడికిపోతున్న నవజాత శిశువుల వార్డును కిందికి దించారు. ఖర్చు తక్కువ, ఫలితం పసిప్రాణాలు!

మనకూ ఇది పరాయి కథ కాదు. 2015 మే వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా బలైతే, అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల (ఎండను తిప్పికొట్టే పైకప్పుల) విధానం ప్రకటించింది. చలివేంద్రాలు మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటితోపాటు ఉపాధి కూలీల పనివేళలు మార్చాలి, ఒంటరి వృద్ధుల జాబితా ఆశా కార్యకర్తల చేతిలో ఫిబ్రవరికల్లా ఉండాలి.