మీకు తెలుసా? మందిరం అంటే మొదట ఇల్లే

రాయ్‌పూర్ నుంచి విజయనగరం వచ్చే రైలు ఎక్కితే, నగరం దాటిన కాసేపటికే తగిలే స్టేషన్ మందిర్ హసౌద్. 53వ నంబరు జాతీయ రహదారి మీద, ఆరంగ్ వెళ్లే దారిలో ఉన్న చిన్న పట్టణం. నవా రాయ్‌పూర్ వైపు వేసిన కొత్త రైలు మార్గం కూడా ఇక్కడే చీలుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోనే శక్తి జిల్లాలో మరో హసౌద్ ఉంది. ఇది మాత్రం మందిర్ హసౌద్. ఊరి పేరుకు ముందు నిలిచిన ఆ మాట మనకు బాగా తెలిసిందే. తెలిసిన మాట కాబట్టే దాని గురించి అడగాలని మనకు తోచదు. అడిగితే అది చెప్పే కథ చాలా పెద్దది.

అమరకోశం బట్టీపట్టిన తరంవారికి ఇందులో కొంత కొత్త కాదు. ఆ నిఘంటువు పురవర్గంలో గృహం, గేహం, సదనం, భవనం, అగారం అంటూ ఇంటి పేర్లు వరసగా వస్తాయి. మందిరం ఆ వరసలోనే ఉంటుంది. దేవుడి ప్రసక్తి అక్కడ లేదు. నలుగురు మనుషులు కాపురం ఉండే ఇల్లు ఏదైనా మందిరమే. వ్యాకరణవేత్తలు ఈ మాటను 'మది' ధాతువు నుంచి సాధించారు. స్తుతించడం, ఆనందించడం, నిద్రపోవడం అని ఆ ధాతువుకు చాలా అర్థాలు చెప్పారు. వాటిలో నిద్రను పట్టుకుని, మనిషి ఒళ్లు వాల్చి నిద్రపోయే చోటు మందిరం అని వివరించినవారు ఉన్నారు. తిమిరం, రుధిరం, మదిర కూడా ఇదే ప్రత్యయంతో తయారైన మాటలు.

మన కావ్యాల్లోని శయనమందిరం, రాజమందిరం ఈ పాత అర్థానికి సాక్ష్యాలు. ఆ ఇల్లు దేవుడిదైతే దేవమందిరం అన్నారు. వాడుకలో ముందున్న 'దేవ' జారిపోయి, ఉత్తరాది భాషల్లో మందిర్ ఒక్కటే గుడికి పేరుగా నిలబడింది. తెలుగులో మాత్రం ఆ మాట ఒక్క మతానికి కట్టుబడలేదు. తెలుగు బైబిలులో యెరూషలేము ఆలయాన్ని చాలాచోట్ల మందిరము అని రాశారు. ఊళ్లలో చర్చిని ప్రార్థనా మందిరం అంటాం. చిన్నపిల్లల బడి శిశుమందిరం. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద 1976లో పూర్తయిన వేంకటేశ్వరుడి గుడిని బిర్లా గుడి అని ఎవరూ అనరు, బిర్లా మందిర్ అనే అంటారు. కట్టించినవారి వాడుక కట్టడంతోపాటే వచ్చింది.

పొరుగు భాషల్లో ఇంకా చిత్రంగా ఉంటుంది. కన్నడంలో సినిమా హాలును చిత్రమందిర అంటారు. అక్కడి పత్రికల్లో రోజూ కనిపించే మాట అది. మలయాళంలో ఇల్లు అన్న అర్థం ఇంకా బతికే ఉంది. దక్షిణ కేరళలో మామూలు ఇళ్ల గేట్ల మీద ఇంటిపేరు చివర 'మందిరం' అని రాసుకుంటారు. నిరాశ్రయ మహిళలకు ప్రభుత్వం నడిపే వసతి గృహం పేరు మహిళా మందిరం. కొలంబోలో శ్రీలంక అధ్యక్షుడి భవనం సింహళంలో జనాధిపతి మందిరయ. ఆ దేశపు ప్రధానమంత్రి అధికార నివాసాన్ని ఇంగ్లీషులో టెంపుల్ ట్రీస్ అంటారు. టెంపుల్ ట్రీ అంటే మనం దేవగన్నేరు అనే చెట్టు. సింహళంలో ఆ భవనం పేరు అరలియగహ మందిరయ, అంటే దేవగన్నేరు చెట్ల భవనం. ఇంగ్లీషు పేరులో గుడి ఉంది గాని అది చెట్టు పేరులో భాగం. సింహళ పేరులో మందిరం ఉంది గాని దానర్థం భవనం.

సముద్రం దాటితే? బాంకాక్ రాజప్రాసాదంలో రాజులు నివసించిన భవనాల సముదాయాన్ని ఫ్రా మహా మొన్తియెన్ అంటారు. ఆ మొన్తియెన్ మన మందిరమే. కంబోడియాలో ఈ మాట మరీ దూరం నడిచింది. ఖ్మేర్ భాషలో ఆసుపత్రిని 'మొన్తీ పేత్' అంటారు. రాతలో చూస్తే మొదటి మాట మందిరం, రెండోది వైద్య. జబ్బుచేసినవాడు వెళ్లేది వైద్య మందిరానికి. మ్యూజియం సారమందిరం. రాష్ట్ర స్థాయి ప్రభుత్వ శాఖ కార్యాలయం కూడా మందిరమే. ఆ అర్థం వల్లే చరిత్రలోని ఒక ఘోరానికి కూడా ఈ పేరు అంటుకుంది. 1975-79 మధ్య ఖ్మేర్ రూజ్ పాలకులు నోమ్‌పెన్‌లో ఒక బడిని చెరసాలగా మార్చి వేలమందిని హింసించి చంపించారు. ఎస్-21 అని ప్రపంచానికి తెలిసిన ఆ చోటును వాళ్లు తమ కాగితాల్లో 'మొన్తీ' అనే రాసుకున్నారు. కార్యాలయం అన్న అర్థంలో. ఇల్లు అని పుట్టిన మాట అక్కడిదాకా వెళ్లడం తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

మళ్లీ మన రైలు మార్గానికి వద్దాం. రాయ్‌పూర్-విజయనగరం లైను 1931లో పూర్తయింది. మధ్య పరగణాల సరుకు విశాఖ రేవుకు చేరాలన్నది దాని ఉద్దేశం. రేవు 1933లో తెరుచుకుంది. సరుకుతోపాటు మనుషులూ మాటలూ ఈ దారిలో తిరిగాయి. అందుకే ఈ లైను వెంట ప్రయాణిస్తూ, దేవుడి చోటును ఎవరు ఏమంటున్నారో చెవిపెట్టి వినడం నాకు చాలా ఇష్టమైన పని.

మందిర్ హసౌద్ దాటగానే వచ్చే ఆరంగ్‌లో 11వ శతాబ్దపు జైన ఆలయం ఉంది. దాని పేరు భాండ్ దేవల్. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పాత రాతిగుడిని దేఉర్ అంటారు. బిలాస్‌పూర్ జిల్లా మల్హార్‌లో ఉన్న పురాతన గుడి పేరే దేఉర్ మందిర్. సరిహద్దు దాటి ఒడిశాలోకి వస్తే అదే దేఉళ. పూరీ జగన్నాథుడి గుడిని ఒడియావాళ్లు బడ దేఉళ అనీ శ్రీమందిర అనీ పిలుచుకుంటారు. ఇంకా కిందికి దిగితే మన దేవళం. వీటన్నిటికీ మూలం దేవకులం. కులం అంటే ఇక్కడ కుటుంబం, ఇల్లు. గురువుగారి ఇల్లు గురుకులమైనట్టే దేవుడి ఇల్లు దేవకులం. మథుర దగ్గర మాట్ అనే చోట కుషాణ రాజుల విగ్రహాలున్న మందిరాన్ని అక్కడి శాసనం దేవకులం అనే చెప్పింది. భాసుడి ప్రతిమా నాటకంలోనూ అలాంటి ప్రతిమాగృహమే వస్తుంది. మేనమామ ఇంటినుంచి తిరిగొస్తున్న భరతుడు దారిలో అందులోకి వెళతాడు. గతించిన రాజుల విగ్రహాల మధ్య తండ్రి విగ్రహం చూసి, దశరథుడు ఇక లేడని తెలుసుకుంటాడు.

ఆ దశరథుడి పెద్ద భార్య కౌసల్య పుట్టిల్లు మందిర్ హసౌద్‌కు దగ్గర్లోని చంద్‌ఖురీ అని ఛత్తీస్‌గఢ్ ప్రజల నమ్మకం. చెరువు మధ్యలో ఆమెకు గుడి ఉంది. దక్షిణ కోసల ఆడపడుచు కొడుకు కాబట్టి రాముడు వాళ్లకు 'భాంచా', అంటే మేనల్లుడు. అందుకే ఛత్తీస్‌గఢ్‌లో మేనమామలు మేనల్లుడి కాళ్లకు దండం పెడతారు. దేవుణ్ని చుట్టరికంతో పిలుచుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు గాని, ఆ చుట్టరికాన్ని ఇంటింటా ఆచారంగా నిలుపుకోవడంలో వాళ్లది పైచేయి అని ఒప్పుకోవాలి.

ఇదే లైను మీద రాయగడ దగ్గర మరో సంగతి. అక్కడి అమ్మవారు తెలుగువాళ్లకు మజ్జిగౌరమ్మ. ఒడియాలో ఆమె మాఝిఘరియాణి. కోట నడిమింట్లో, అంటే మాఝి ఘరలో ప్రతిష్ఠించారు కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇక్కడా ఇల్లే.

గుడి అచ్చంగా మన మాటే అనుకుంటాం. ఆ మాట బస్తర్ నిండా వినిపిస్తుందని మీకు తెలుసా? అక్కడి ఆదివాసీ పల్లెల్లో గ్రామదేవత ఉండే చోటు దేవగుడి, అమ్మవారి చోటు మాతాగుడి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ కాగితాల్లోనూ ఆ పేర్లే ఉంటాయి. ఛత్తీస్‌గఢీలో గుడీ అంటే ఊరివాళ్లు కూర్చుని మాట్లాడుకునే రచ్చ అనే అర్థమూ ఉంది. ద్రావిడ భాషల్లో ఈ మాట చుట్టాలు చాలామంది. తమిళంలో కుడి అంటే ఇల్లు, కుటుంబం, ప్రజలు. గణతంత్ర రాజ్యాన్ని తమిళులు కుడియరసు అంటారు, ప్రజల ప్రభుత్వం అని. మన్నార్‌గుడి, తూత్తుకుడి పేర్లు చూసి అక్కడ మన అర్థంలో గుడి ఉందనుకోకూడదు. ఆ కుడి జనం నివాసం. మన గుడిసె కూడా ఈ కుటుంబంలోదే. సంస్కృతంలోని కుటి, కుటీరం ద్రావిడం నుంచి వెళ్లినవేనని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. గుడిసెలో ఉన్న మనిషి, గుడిలో ఉన్న దేవుడు ఒకే మాట కింద తలదాచుకున్నారు. నాకు తెలుగులో ఇంతకంటే ఆప్తంగా అనిపించే మాటల జంట లేదు.

కోవెల సంగతి సులువు. తమిళంలో కోయిల్. కో అంటే రాజు, దేవుడు. ఇల్ అంటే ఇల్లు. శ్రీవైష్ణవులు విశేషణమేదీ లేకుండా కోయిల్ అన్నారంటే శ్రీరంగమని అర్థం. ఆలయం, నిలయం అన్నా ఉండే చోటే. తిరుమల శ్రీవారి విమానం ఆనంద నిలయం. ఇక ప్రతి గుడిలోనూ మూలవిరాట్టు ఉండేది గర్భగృహంలో.

ఇప్పుడొక చిక్కుముడి. విజయనగరం లైను కోందుల నేల మీదుగా వస్తుంది. వాళ్ల కుయి భాషలో 'మన్' అంటే ఉండడం. బస్తర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ వినిపించే గోండీలో 'మందానా' అన్నా ఉండడమే. తెలుగులో అదే ధాతువు మనుగడ, మనికి అన్న మాటల్లో ఉంది. తమిళంలో మన్ఱం అంటే సభ, పశువుల దొడ్డి. మన మంద దాని తోబుట్టువు. నీలగిరుల్లో తోడాల పల్లెను మంద్ అంటారు. ఊటీ పాతపేరు ఊటకమండ్‌లో ఉన్నది అదే. అటు సంస్కృతంలో మందిరం ఇల్లు, మందుర గుర్రపుశాల. గ్రీకులో మాండ్రా పశువుల దొడ్డి. అక్కడి క్రైస్తవులు మఠానికీ ఆ మాటే వాడారు, మఠాధిపతి ఆర్కిమాండ్రైట్ అయ్యాడు. ఇవన్నీ ఒక తల్లి పిల్లలే అనేయాలని మనసు ఉబలాటపడుతుంది. అలా అనకూడదు. ద్రావిడ మాటల చుట్టరికం చాలావరకు స్పష్టం. సంస్కృత, గ్రీకు మాటలను కొన్ని పాత నిఘంటువులు పక్కపక్కన పెట్టాయి గాని, ఆ బంధుత్వం రుజువైంది కాదు. మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలు కావు. ఈమధ్య వాట్సాప్‌లో తిరిగే నిరుక్తులు చదివేవారు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే భాషకు ఎంతో మేలు.

చుట్టరికం లేకపోయినా మనుషుల ఆలోచన ఒకటే అయిన సందర్భాలు మాత్రం లోకమంతా ఉన్నాయి. సుమేరు భాషలో గుడికి వేరే మాటే లేదు. ఇంటికీ గుడికీ ఒకటే, 'ఎ'. నిప్పూరు నగరంలో ఎన్లిల్ దేవుడి గుడి ఎకూర్, అంటే కొండ ఇల్లు. ఈజిప్టులో 'పెర్ ఆ' అంటే పెద్ద ఇల్లు, రాజభవనం. ఆ భవనం పేరే చివరికి అందులో ఉండే రాజుకు వచ్చింది. బైబిలులో మనం చదివే ఫరో అదే. హీబ్రూలో బేత్ అంటే ఇల్లు. బేత్లెహేము రొట్టెల ఇల్లు, బేతేలు దేవుడి ఇల్లు. యాకోబు రాయి తలకింద పెట్టుకుని నిద్రపోయి, కలగని లేచి, ఆ చోటుకు పెట్టిన పేరు బేతేలు. మన ఊళ్లలో 'బేతేలు ప్రార్థనా మందిరం' అన్న బోర్డు కనిపిస్తే అందులో ఇల్లు రెండుసార్లు ఉన్నట్టు. అరబ్బీలో కాబాకు బైతుల్లా అని పేరు. అదీ దేవుడి ఇల్లే. గ్రీకు నవోస్ నివాసం. లాటిన్‌లో ఎదేస్ ఏకవచనమైతే గుడి, బహువచనమైతే ఇల్లు.

అన్నీ ఇలాగే ఉండవు. మసీదు అంటే సాష్టాంగపడే చోటు. ఇంగ్లీషు టెంపుల్‌కు మూలమైన లాటిన్ టెంప్లుమ్ హద్దుగీసి వేరుచేసిన పవిత్ర స్థలం, శకునాలు చూసే జాగా. ఒకటి పనిని బట్టి, ఒకటి గీతను బట్టి వచ్చిన పేరు.

పాఠకులకు ఒక మనవి. రాయలసీమ పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ దేవళం అంటారు. వాళ్ల మనవలు టెంపుల్ అంటున్నారు. ఈసారి మీ ఊరు వెళ్లినప్పుడు, మీ గ్రామదేవత ఉండే చోటును మీ అమ్మమ్మ, నాయనమ్మ ఏమని పిలిచేవారో అడిగి, ఊరి పేరుతో సహా రాసి ఉంచండి. రాయ్‌పూర్, భిలాయ్, రాయగడ, జయపురం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు ఇది మరీ ముఖ్యంగా చేయాలి. రెండు మూడు భాషలు కలిసే చోట పుట్టిన పేర్లు నిఘంటువుల్లో దొరకవు, మీ ఇళ్లలోనే దొరుకుతాయి.