సవరణ వేరు, పరిహారము వేరు

ఆంగ్లభాషలో వినుటకు కవలలవలె నుండియు అర్థమున వేరైన పలుకుబళ్లు రెండు గలవు. ‘మేక్ అమెండ్‌మెంట్స్’ అనునది యొకటి, ‘మేక్ అమెండ్స్’ అనునది రెండవది. అర్జీలును జాబులును వ్రాయువారు వీనిని తారుమారు చేయుట కలదు. కావున వీని భేదము నించుక వివరించెదను.

రెండింటికిని మూలము లాటిన్ భాషలోని ‘ఎమెండారే’ అను క్రియ. అందు ‘మెండ’ అనగా దోషము. దోషమును వెడలించుట యని క్రియకు భావము. ఇది ఫ్రెంచి భాష ద్వారమున ఆంగ్లమున ప్రవేశించి రెండు త్రోవలు పట్టినది.

వ్రాతలోని లోపమును తీర్చుట, లేదా అవసరమును బట్టి మార్చుట అమెండ్‌మెంటు. చట్టములకును తీర్మానములకును చేయు సవరణ యిదియే. భారత రాజ్యాంగమునకు మొదటి సవరణ 1951లో జరిగెను. గ్రామపంచాయతులకు రాజ్యాంగ ప్రతిపత్తి నొసగిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చెను. వీనిని అమెండ్‌మెంట్లనియే చెప్పవలెను.

ఇక నొరులకు కలిగించిన నష్టమును పూడ్చుట అమెండ్స్. మన పశువులు పొరుగువాని చేను మేసినచో, అతనికి ధాన్యము కొలిచి యిచ్చుట దీనికి దృష్టాంతము. ఈ యర్థమున నీ శబ్దమునకు ఏకవచనము లేదు.

విభక్తి విషయమునను జాగరూకత వలయును. సవరింపబడు పత్రమునకు ముందు ‘టు’ వచ్చును. చేసిన తప్పునకు ముందు ‘ఫర్’ వచ్చును. నష్టపడిన మనుష్యుని పేరునకు ముందు మాత్రము అమెండ్స్ తోడను ‘టు’ వచ్చును. కావున ‘టు’ను మాత్రమే చూచి నిర్ణయింపరాదు.

ఇది వట్టి వ్యాకరణచర్చ యని తలంపకుడు. పొలము సరిహద్దు తగవున నొకడు, పత్రములోని సర్వే నంబరును సవరింతుమను నుద్దేశముతో, ‘వి షల్ మేక్ అమెండ్స్’ అని ఎదుటివారికి వ్రాసెననుకొనుడు. చదువువారు దానిని ‘మా వలన జరిగిన నష్టమును తీర్చుకొందుము’ అని గ్రహింతురు. చేయని తప్పు నొప్పుకొన్నట్లగును. ఒక్క మాట పొరపాటున న్యాయమైన పక్షము బలహీనమగును.

కావున జాబుపై చేవ్రాలు చేయుటకు ముందు, వ్రాసిన వానిని ఒక్క ప్రశ్న యడుగుడు: ‘ఇచ్చట బాగుచేయవలసినది కాగితమా, మనుష్యునికి జరిగిన యన్యాయమా?’ కాగితమైనచో అమెండ్‌మెంటు. అన్యాయమైనచో అమెండ్స్. ఆంగ్లము రాని పెద్దలైనను ఈ ప్రశ్నతో తమ జాబును పరీక్షించుకొనవచ్చును.