చెట్టు చాటు లేకున్నా సుగ్రీవుడుంటే చాలు

ఇబ్రహీంపట్నంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే మా మేనల్లుడి జట్టులో ఒక తగువు ఎంతకీ తెగదు. రోగ్ పాత్ర తీసుకున్న కుర్రాడు శత్రువు కళ్లెదుటే నిలబడి కొడతాడు, అయినా దొంగదెబ్బకిచ్చే అదనపు స్నీక్ అటాక్ పాచికలు కలుపుకుంటాడు. "దాక్కోకుండా కొడితే అది దొంగదెబ్బ ఎలా అవుతుంది మావయ్యా?" అని మావాడి ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే.

వాలివధ గుర్తు తెచ్చుకుంటే జవాబు దొరుకుతుంది. అందులోని ధర్మాధర్మాలను వాలే రాముణ్ణి నిలదీసి అడిగాడు, ఆ చర్చ ఇక్కడ అక్కర్లేదు. ఎవరెక్కడ ఉన్నారన్నదే మనకు కావాలి. వాలితో కలబడి సుగ్రీవుడు, దూరంగా చెట్టు చాటున విల్లు పట్టుకుని రాముడు. వాలి ధ్యాసంతా తమ్ముడి మీదే. చెట్టు లేకపోయినా ఆ ధ్యాస అక్కడే ఉండేది. ఆట నియమం పట్టుకున్నది సరిగ్గా ఈ సంగతినే.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ స్నీక్ అటాక్‌కి రెండు దారులు ఇచ్చింది. ఒకటి, దాడికి అడ్వాంటేజ్ ఉండాలి, అంటే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు. దాక్కుని కొడితే వచ్చేది ఇదే. రెండోది, మీరు కొట్టబోయేవాడికి ఐదడుగుల లోపల వాడి శత్రువు మరొకడు ఉండాలి. ఆ శత్రువు స్పృహలో, ఏదైనా చేయగల స్థితిలో ఉండాలి. సుగ్రీవుడు మూర్ఛపోతే ఈ దారి మూసుకుపోయినట్టే. మీ దాడికి డిసడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవాల్సిన పరిస్థితి, కూడా ఉండకూడదు. గమనించండి, 2024లో నియమాలు సవరించేదాకా పక్కనున్నవాడు మీకు మిత్రుడే కానక్కర్లేకపోయేది, వాడికి శత్రువైతే చాలేది. ఇద్దరు బందిపోట్లు తమలో తాము కొట్టుకుంటుంటే, మీ జట్టులో ఎవరూ దగ్గర లేకపోయినా రోగ్ దెబ్బ చెల్లేది.

ఇంత ఉదారంగా ఎందుకు పెట్టారు? పాత కథ చూస్తే తెలుస్తుంది. ఆట 1974లో పుట్టింది. దొంగ పాత్ర మరుసటి ఏడు గ్రేహాక్ అనే అనుబంధంతో చేరింది. 1978 నాటి నియమాల్లో వెనకనుంచి కొడితే దెబ్బ రెట్టింపు, పై స్థాయిల్లో మూడింతలు, నాలుగింతలు. కానీ శత్రువుకు తెలియకుండా వెనక్కి చేరాలి. పోరు మొదలయ్యాక ఎవరు చేరనిస్తారు? మొదటి దెబ్బ తర్వాత దొంగకు చేయడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. 2000లో మూడో ఎడిషన్ పాత్రకు రోగ్ అని, దెబ్బకు స్నీక్ అటాక్ అని పేర్లు పెట్టి, మిత్రుడు అటువైపు, మీరు ఇటువైపు నిలిచి శత్రువును మధ్యలో పెడితే చాలంది. అయితే అస్థిపంజరాల వంటివాటికి మర్మస్థానాలు లేవని ఆ దెబ్బ తగలనివ్వలేదు. ఐదో ఎడిషన్‌లో ఆ అడ్డూ లేదు. ఇది మంచి మార్పని నా గట్టి నమ్మకం. స్మశానంలో సాగే కథలో ఒక ఆటగాడు రాత్రంతా చేతులు కట్టుకు కూర్చోవడం అన్యాయం.

ఇక లెక్క. మొదటి లెవెల్లో ఒక ఆరు ముఖాల పాచిక అదనం, ఆపై ప్రతి బేసి లెవెల్‌కీ ఒకటి చొప్పున పెరిగి పందొమ్మిదో లెవెల్‌కి పది. ఐదో లెవెల్ రోగ్ రేపియర్‌తో కొడితే ఎనిమిది ముఖాల పాచిక, చురుకుదనానికి నాలుగు, పైన మూడు పాచికలు: సగటున 19. అదే లెవెల్ ఫైటర్ లాంగ్‌సోర్డ్‌తో రెండుసార్లు కొడితే 17 దాకా వస్తుంది. రోగ్‌దే పైచేయి అనుకోకండి. ఫైటర్‌కి ఒకటి తప్పినా రెండోది ఉంది, రోగ్‌కి తప్పితే అంతా పోయినట్టే. అందుకే చాలామంది రెండు చేతుల్లో రెండు పొట్టి కత్తులు పట్టిస్తారు. మొదటిది గురి తప్పితే రెండోదానికి ఈ పాచికలు కలుపుకోవచ్చు. కానీ ఒక వంతులో ఒక్కసారే. బరువైన గొడ్డలికి ఈ మేలు లేదు; రేపియర్, డాగర్ లాంటి నాజూకు ఆయుధమో, విల్లులాంటి దూరపు ఆయుధమో కావాలి.

"ఒక వంతు" అన్నచోట కొత్తవాళ్లు పొరబడతారు. రౌండుకి, అంటే అందరి వంతులూ ఒకసారి తిరిగేలోపు, ఒకసారి అని నియమం చెప్పలేదు. మా మేనల్లుడి జట్టు పక్కనే ఉన్న కొండపల్లి కోటను ఆటస్థలంగా చేసుకుంది, తెల్ల పొణికి కర్ర బొమ్మలే పావులు. తానీషా మహల్ గుమ్మం దగ్గర రోగ్, ఫైటర్ కలిసి ఒక కాపలావాణ్ణి కమ్ముకున్నారనుకోండి. రోగ్ తన వంతులో స్నీక్ అటాక్ చేశాడు. కాపలావాడు తన వంతు రాగానే రోగ్ దగ్గర్నుంచి పారిపోబోతే, రోగ్ రియాక్షన్‌గా ఒక దెబ్బ వేయొచ్చు. అది కాపలావాడి వంతు కాబట్టి స్నీక్ అటాక్ మళ్లీ చెల్లుతుంది, ఫైటర్ ఇంకా వాడి ఐదడుగుల లోపలే ఉంటే. ఆట నడిపే డంజన్ మాస్టర్ దీన్ని మోసమని కొట్టేయకూడదు. ఫైటర్‌గా ఆడేవాళ్లకూ ఒక మాట: మీరు శత్రువు పక్కకు చేరి నిలబడితే మీ రోగ్ చేతిలోకి పాచికలు వస్తాయి, మీ వంతులో ఎటు అడుగు వేయాలో అది చూసి వేయండి.