చర్మానికి రాసిన మందు లోపలికి ఎలా వెళ్తుంది?

ఎంతసేపు స్నానం చేసినా నీళ్లు ఒంట్లోకి ఇంకిపోవు కదా! మరి చర్మానికి రాసిన మందు లోపలికి ఎలా వెళ్తుంది?

నిజానికి చాలా మందులు వెళ్లలేవు. మన చర్మం పైపొర ఇటుక గోడ లాంటిది. చనిపోయి చదునైన కణాలే ఇటుకలు. వాటి మధ్య సున్నంలా కొవ్వు నిండి ఉంటుంది. చాలాచోట్ల ఈ గోడ మందం మిల్లీమీటరులో సుమారు 50వ వంతే! అయినా క్రిముల్ని రానివ్వదు, ఒంట్లోని నీటిని పోనివ్వదు. బాగా చిన్నవై, కొవ్వులో కలిసే మందులే ఆ సందుల్లోంచి దూరగలవు. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అంటించే స్కోపలమైన్ పట్టీలో ఉన్నది అలాంటి మందే. దానికి అమెరికాలో 1979లో అనుమతి వచ్చింది.

మిగతా మందుల్లో కొన్నిటిని లోపలికి చేర్చడానికే నానో కణాలు వాడతారు, అంటే నానోమీటర్లలో కొలిచేంత చిన్న కణాలు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ఈ కణాల్లో నాకు బాగా నచ్చేది లైపోసోమ్ అనే కొవ్వు బుడగ. కొన్ని రకాల కొవ్వులు నీళ్లలో తమంతట తామే ఇలా బుడగలవుతాయని 1960లలో ఇంగ్లండు శాస్త్రవేత్త అలెక్ బాంగమ్ గమనించారు. ఎంత అద్భుతం!

మందు నింపిన ఈ బుడగను చర్మానికి రాస్తే గోడలోని కొవ్వుతో కలిసిపోతుంది. బుడగ చాలావరకు పైపొరల్లోనే ఆగిపోతుంది, మందు మాత్రం కొద్దికొద్దిగా లోపలికి దిగుతుంది. కొన్ని రకాల కణాలు వెంట్రుకల కుదుళ్లలో చేరి అక్కణ్నుంచి మందు వదులుతాయి.

ఒక మాట గుర్తుంచుకోండి. డాక్టరు చెప్పకుండా మందు పట్టీ అంటించుకోవద్దు, దాన్ని కత్తిరించవద్దు. కొన్ని పట్టీలను కత్తిరిస్తే మందు ఒక్కసారిగా బయటికొస్తుంది.