మంచు మీద రాళ్ల ఆట: కర్లింగ్

మన కుటుంబాల పిల్లలు కొందరు కెనడాలో ఉంటున్నారు కదా. వాళ్లు ఫోనులో చూపించిన ఒక ఆట చూసి, "మంచును చీపుర్లతో ఎందుకు ఊడుస్తున్నారమ్మా?" అని వార్డులో కొందరు మమ్మల్ని అడిగారు. ఆ ఆట పేరు కర్లింగ్. పుట్టింది స్కాట్లండులో, ఎక్కువమంది ఆడేది కెనడాలో. 1998 నుంచి శీతాకాల ఒలింపిక్స్‌లో ప్రతిసారీ ఆడుతున్నారు.

క్యారమ్స్ తెలిసినవారికి ఇది తేలికగానే అర్థమవుతుంది. సుమారు 45 మీటర్ల పొడవున మంచు బాట ఉంటుంది. దాని అవతలి చివర 12 అడుగుల వెడల్పున వలయాలు గీసి ఉంటాయి. దానిని హౌస్ అంటారు. పిడి ఉన్న గ్రానైట్ రాయిని అక్కడికి జార్చాలి. ఆ రాయి దాదాపు 20 కిలోలు, అంటే ఒక చిన్న బియ్యం మూట!

జట్టుకు నలుగురు, ఒక్కొక్కరికి రెండు రాళ్లు. రెండు జట్లూ ఒకరి తరువాత ఒకరు వేస్తారు. 16 రాళ్లూ అయిపోతే ఒక ఎండ్ ముగిసినట్టు. ఒలింపిక్స్‌లో పురుషుల, మహిళల జట్ల ఆటకు 10 ఎండ్లు.

లెక్క దగ్గరే కొత్తవారు తడబడతారు. ఒక ఎండ్‌లో ఒక జట్టుకే పాయింట్లు వస్తాయి. నడిమి బొట్టుకు అన్నిటికన్నా దగ్గరగా ఎర్ర రాళ్లు రెండు ఉండి, మూడోది పసుపు రాయి అయితే ఎర్ర జట్టుకు 2, పసుపు జట్టుకు సున్నా. ఆ పసుపు రాయి వెనుక ఇంకో ఎర్ర రాయి ఉన్నా అది లెక్కకు రాదు. ఆఖరి రాయి వేసేవారికి మేలు ఎక్కువ. పాయింట్లు తెచ్చుకున్న జట్టు తరువాతి ఎండ్‌లో ఆ ఆఖరి రాయిని ఎదుటివారికి వదులుకోవాలి. ఎవరికీ పాయింటు రాకపోతే అది పాతవారి దగ్గరే ఉంటుంది. అందుకే ఒక్కోసారి ఒక్క పాయింటు వద్దనుకుని, కావాలనే సున్నాతో సరిపెడతారు.

ఇక ఊడవడం సంగతి. మంచు మీద నీటి చుక్కలు చల్లితే అవి చిన్న బొడిపెలుగా గడ్డకడతాయి. మెల్లగా తిరుగుతూ వెళ్లే రాయి వాటిమీద ఒక పక్కకు వంపు తీసుకుంటుంది. ముందు బ్రష్‌తో గట్టిగా రుద్దితే ఆ వేడికి జారుడు పెరిగి, రాయి ఇంకాస్త దూరం, ఇంకాస్త తిన్నగా పోతుంది. చూడడానికి ఇంటిపనిలా ఉన్నా చేతులకు, గుండెకు గట్టి వ్యాయామమే.

రాయిని గీసిన గీత దాటకముందే వదలాలి. అవతలి గీత దాటకుండా ఆగిపోయిన రాయిని తీసేస్తారు. కదిలే రాయికి కాలు తగిలితే తగిలినవారే చెప్పడం ఈ ఆటలో మర్యాద.

మాకు ఎక్కువ నచ్చింది వీల్‌చెయిర్ కర్లింగ్. 2006లో టొరినో పారాలింపిక్స్‌తో అక్కడ మొదలైంది. వెన్నుపాము దెబ్బతిన్నవారు, కాళ్లు పోగొట్టుకున్నవారు ఆడతారు. జట్టులో స్త్రీలు, పురుషులు కలిసే ఉండాలి. కదలకుండా నిలిపిన కుర్చీలో నుంచి, చేతితోనో పొడవాటి కర్రతోనో రాయిని నెడతారు. కుర్చీ జరగకుండా వెనుక ఇంకో ఆటగాడు పట్టుకోవచ్చు. ఇందులో ఊడవడం లేదు. వదిలిన రాయిని సరిదిద్దే దారి లేదు కనుక చూపు, చేయి మరింత కుదురుగా ఉండాలి. వీల్‌చెయిర్ వచ్చింది, ఇక మూలన కూర్చోవడమే అనే మాట మేము ఒప్పుకోము.

అయితే స్పర్శ లేని కాళ్లకు చలి తగిలినా తెలియదు, అందుకే వాటిని వెచ్చగా కప్పి ఉంచాలి. ఎక్కువసేపు కూర్చుంటే పిరుదుల మీద పుండ్లు పడతాయి. ఇది మన ఇళ్లలో వీల్‌చెయిర్ వాడేవారికీ వర్తిస్తుంది. 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి చేతులు ఆనించి పైకి లేవాలి, లేదా పక్కకు ఒరగాలి. రాత్రి పడుకునే ముందు ఇంటివారు చర్మం చూడండి. ఎర్రగా గాని నల్లగా గాని మచ్చ ఉండి, నొక్కినా రంగు మారకపోతే, ఆ భాగం మీద కూర్చోనివ్వకుండా మరునాడే ఓపీకి తీసుకురండి.