నేలను చూసి కొనాల్సిన యంత్రం

మట్టి ఎత్తిపోసే చిన్న యంత్రం, స్కిడ్ స్టీర్ లోడర్, కొనడానికి వెళ్లినవాడికి డీలరు ముందుగా చెప్పేది హార్స్‌పవర్. తర్వాత బకెట్‌లో ఎంత పడుతుంది, చేతులు ఎంత ఎత్తు లేస్తాయి, ధర ఎంత అన్నవి వస్తాయి. యంత్రం ఏ నేల మీద తిరగబోతోందన్న ప్రశ్న, వస్తే గిస్తే, చివరికి వస్తుంది. సూరత్ లాంటి ఊళ్లో ఆరుబయటి పనికి ఈ వరస తలకిందులని నా వాదన. నేలను బట్టి టైరు, టైరును బట్టి బరువు, బరువును బట్టి బకెట్, అన్నీ తేలాక ఇంజను. ఇలా ఎందుకంటే ఈ యంత్రం మలుపు తిరిగిన ప్రతిసారీ నేలతో పెనుగులాడుతుంది. ఆ పెనుగులాట దాని నిర్మాణంలోనే ఉంది, మరమ్మతుతో పోయేది కాదు.

నిజానికి ఇది ఆరుబయటి పని కోసం పుట్టిన యంత్రం కాదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, రాత్సే అనే చిన్న ఊళ్లో సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు మరమ్మతుల షాపు నడిపేవారు. దగ్గర్లో టర్కీ కోళ్లు పెంచే ఎడ్డీ వెలో అనే రైతుకు రెండంతస్తుల కోళ్ల షెడ్డు ఉండేది. పై అంతస్తులో పేరుకున్న పెంటను ఎత్తాలి. మామూలు ట్రాక్టరును ఎక్కిస్తే పై అంతస్తు మోయలేదు, ఎక్కించినా స్తంభాల మధ్య తిరగలేదు. 1957లో కెల్లర్ సోదరులు అతనికి మూడు చక్రాల లోడరు చేసిచ్చారు. ముందు రెండు చక్రాలకు ఇంజను బలం, వెనక తనంతట తాను ఎటైనా తిరిగే చిన్న చక్రం. ఉన్నచోటే గిర్రున తిరిగేది. మరుసటి ఏడాది నార్త్ డకోటాలోని మెల్రో కంపెనీ ఈ నమూనాను తీసుకుని, అన్నదమ్ములిద్దరినీ పనిలో పెట్టుకుంది. చెక్క పలకల మీద హాయిగా తిరిగిన ఆ వెనక చక్రం బురదలో, ఇసుకలో పనికి రాలేదు. పట్టు కావాలంటే వెనక చక్రాలకూ బలం అందాలి. అలా 1960లో నాలుగు చక్రాల ఎం-400 వచ్చింది, 1962లో బాబ్‌క్యాట్ అన్న పేరు పెట్టారు. ఈ చరిత్రలో జనం పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. మొదటి యంత్రం మలుపులో జారేది కాదు. బయటి నేల మీద పట్టు కోసం జారడాన్ని కొని తెచ్చుకున్నారు.

ఆ జారడం ఏమిటో చూద్దాం. నాలుగు చక్రాలూ బిగించినవే, ఏదీ కారు ముందు చక్రంలా పక్కకు మళ్లదు. ఎడమ పక్క రెండూ ఒక చైనుతో, కుడి పక్క రెండూ మరో చైనుతో కలిసి తిరుగుతాయి. ఎడ్లబండిని ఇరుకులో మళ్లించేవాడు ఒక ఎద్దును నిలిపి రెండోదాన్ని నడిపించినట్టే, ఇక్కడ ఒక పక్క చక్రాలను ఆపి, లేదా వెనక్కి తిప్పి, రెండో పక్కను ముందుకు నడుపుతారు. బండి చక్రం దొర్లుతుంది, ఇవి అడ్డంగా ఈడ్చుకుపోతాయి. ఖాళీగా ఉన్నప్పుడు బరువులో దాదాపు 70 శాతం వెనక చక్రాల మీద ఉంటుంది, బకెట్ నిండితే ఎక్కువ భారం ముందుకు మారుతుంది. ఎటు బరువుందో అది ఇరుసులా నిలుస్తుంది, తేలికైన కొస జారుతుంది. అన్నిటికన్నా ఇబ్బంది సగం నిండిన బకెట్‌తో: బరువు నాలుగు చక్రాల మీదా సమంగా పడి, నాలుగూ నేలను గీరుతాయి. ఇంజను బలం ఎంత పెంచినా ఈ లెక్క మారదు, గీరే బలం పెరుగుతుందంతే.

ఇప్పుడు సూరత్ నేలలు చూడండి. గోపీపురా, నాన్‌పురా లాంటి పాత పేటల గల్లీల్లో పేవర్ బ్లాకులు, తారు. అక్కడ ఉన్నచోటే గిర్రున తిప్పితే బ్లాకులు లేస్తాయి, మే నెల ఎండకు మెత్తబడ్డ తారు చెక్కుకుపోతుంది. కావలసింది తేలికైన, వెడల్పు తక్కువ యంత్రం, మలుపును కాస్త విశాలంగా తీసుకునే డ్రైవరు. ఊరికి పడమట హజీరాలో ఉక్కు కర్మాగారం ఉంది. ఉక్కు తీశాక మిగిలే స్లాగ్‌తో వేసిన రోడ్డు అక్కడ 2022లో ప్రారంభమైంది. పరిచి రోలింగ్ చేశాక అది మంచి రోడ్డే కానీ, విడిగా కుప్ప పోసిన స్లాగ్ అంచులు టైర్లను కోస్తాయి, అక్కడ గాలి లేని సాలిడ్ టైర్లు పెట్టడమే తెలివి. అవే టైర్లతో తాపీ నది ఒడ్డు ఒండ్రులోకి దిగితే యంత్రం కూరుకుపోతుంది, నేల మీద పరుచుకునే గుణం వాటికి లేదు. ఇక బార్డోలీ, ఓల్పాడ్ వైపు నల్లరేగడి. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు ఆ మట్టిని పరిచయం చేయనక్కర్లేదు. వేసవిలో బీటలు వారుతుంది, తడిస్తే ఉబ్బి టైరు గాళ్లలో నిండిపోతుంది, ఆ తర్వాత టైరు నున్నటి డ్రమ్ముతో సమానం. ఒకే జిల్లాలో, గంటసేపటి ప్రయాణంలో, మూడు రకాల టైర్లు అడిగే నేలలున్నాయన్నమాట.

బరువు సంగతి వరదలో బయటపడుతుంది. 2006 ఆగస్టులో ఎగువనున్న ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో సూరత్‌లో చాలా భాగం మునిగింది. అలాంటి వరద వెనక్కి తగ్గాక మిగిలే తడి మట్టి ఘనమీటరుకు సుమారు 1.8 టన్నులు తూగుతుంది. 0.4 ఘనమీటర్ల బకెట్ నిండితే 720 కిలోలు. కాగితం మీద 700 కిలోలు ఎత్తే యంత్రం అక్కడే హద్దు దాటింది, అదీ సమతలం మీద. అదే బకెట్‌లో ఎండిన కోళ్ల ఎరువు ఇందులో సగం కూడా తూగదు. యంత్రం పుట్టింది ఆ బరువు కోసం. మట్టి పనికి చిన్న బకెట్ అడగడం నామోషీ అనుకునేవాళ్లున్నారు. పెద్ద బకెట్ తగిలించి సగం సగం నింపుకుంటూ తిరిగితే నేల ఎలా చెక్కుకుపోతుందో పైన చెప్పుకున్నాం.

ఇంత లెక్క దేనికి, జేసీబీ ఉంది కదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. 1979 నుంచి బల్లభ్‌గఢ్‌లో తయారవుతున్న ఆ బ్యాక్‌హో లోడరు తవ్వుతుంది, ఎత్తుతుంది, లారీ సాయం లేకుండా రోడ్డు మీద తానే వస్తుంది. డ్రైవరు, స్పేరు పార్టు ప్రతి తాలూకాలో దొరుకుతాయి. స్కిడ్ స్టీర్ గంటకు 12 కిలోమీటర్ల పైన నడవడం అరుదు, సైటుకు మోసుకెళ్లాలి. ఖాళీ ప్లాట్లలో పునాదులు తవ్వే కాంట్రాక్టరుకు బ్యాక్‌హోయే సరైన ఎంపిక. అయితే ఏడు టన్నులు దాటిన ఆ యంత్రం మళ్లలేని చోట, చిన్న దూరాల్లో రోజుకు వందసార్లు తిరిగే పనిలో, ఒకే యంత్రానికి పొద్దున బకెట్, మధ్యాహ్నం చీపురు, సాయంత్రం గుంతలు తీసే ఆగర్ తగిలించాల్సిన చోట లెక్క మారుతుంది. ఆ సులువు, పనిముట్లను చటుక్కున మార్చనిచ్చే క్విక్ కప్లర్ 1970లో వచ్చిన పుణ్యం.

బురద ఎత్తడానికి ఈ యంత్రం కావాలంటే, ఊరు శుభ్రపడటానికి యంత్రాలే కారణమా అన్నది మరో ఆక్షేపణ. 1994 ప్లేగు తర్వాత, 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన మన తెలుగు ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు సూరత్‌ను మార్చింది పాలనతో. రెండేళ్లు తిరక్కుండానే దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా పేరొచ్చింది. కాబట్టి యంత్రం పాలనకు బదులు కాదు, ఒప్పుకుంటాను. కానీ దక్షిణ గుజరాత్‌లో వానాకాలం వచ్చిందంటే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన బురదలో ఒట్టి కాళ్లతో నిలబడేవాళ్లకు అది సోకుతుంది. ఆ బురదను తట్టలతో మోయించడం చవకన్న లెక్క ఆస్పత్రి ఖర్చు మరిచిన లెక్క.

చివరగా, టైర్ల గొడవే లేకుండా రబ్బరు ట్రాక్‌ల యంత్రం కొంటే సరిపోదా? మెత్తటి నేలలో సరిపోతుంది. బరువు పరుచుకుని నేల మీద ఒత్తిడి ఎన్నో రెట్లు తగ్గుతుంది. కానీ ట్రాకూ మలుపులో జారేదే. స్లాగ్ మీద, ఎండ కాగిన తారు మీద అది టైరు కన్నా త్వరగా అరుగుతుంది, మార్చాలంటే టైరు ధరతో పోదు. కేటలాగులను పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. చక్రాల యంత్రానికి రేటెడ్ కెపాసిటీ అంటే అది ముందుకు తూలిపోయే బరువులో సగం, ట్రాక్ యంత్రానికి 35 శాతం. రెండింటి మీదా 800 కిలోలని రాసి ఉన్నా, మొదటిది 1,600 కిలోల దగ్గర తూలుతుంది, రెండోది 2,285 దగ్గర. ఏడాదిలో ఎనిమిది నెలలు గట్టి నేల మీదే పని ఉన్నవాడు ట్రాక్ ధర పెట్టడం దండగ. వానాకాలానికి మాత్రమే ట్రాక్ యంత్రాన్ని అద్దెకు తెచ్చుకుంటే చాలు. డెమో జనవరిలో చూసినా, ఆర్డరిచ్చే ముందు జులైలో తన సైటులోనే, సగం నింపిన బకెట్‌తో మరోసారి తిప్పి చూపించమనాలి.