తుప్పుతో పళ్లు కట్టుకునే నత్త

తుప్పు మన ఉక్కు నగరానికి ఆజన్మ శత్రువు. క్యాంప్ 1లో ఇంటి గేటుకు సైతం ఏటా రంగు పూయక తప్పదు. కాని విశాఖ తీరపు రాళ్లను అంటిపెట్టుకొని జీవించే లింపెట్ అనే చిన్న నత్త, తుప్పులో ఉండే గోథైట్ ఖనిజంతోనే పళ్లు కట్టుకొని, రాతిమీది నాచును గీకి తింటుంది.

2015లో బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తమ తీరపు లింపెట్ పళ్లను పరీక్షించి, తెలిసిన జీవపదార్థాలన్నింటిలో అవే మిక్కిలి దృఢమైనవని తేల్చారు. 2022లో అక్కడి పరిశోధకులు ఆ పళ్లను నిర్మించే కణజాలంలో ఏయే జన్యువులు పనిచేస్తాయో నమోదు చేసి, ఆ కణాల సాయంతో కైటిన్, ఇనుప ఆక్సైడు కలసిన పదార్థాన్ని ప్రయోగశాలలో రూపొందించారు. నత్తలో మొదట కైటిన్ పోగులు అల్లుకుంటాయి. పిదప వాటి నడుమ గోథైట్ స్ఫటికాలు పేరుకుంటాయి.

మన కొలిమికి సుమారు 1,500 డిగ్రీల వేడి కావాలి. నత్తకు సముద్రపు చల్లదనమే చాలు. దృఢత్వం వేడివల్లనే కాదు, అమరికవల్ల కూడా సిద్ధిస్తుందని ఆ అల్పజీవి మనకు బోధిస్తోంది.